మంచాన పడకముందే: మాజీ సైనికుల ఇళ్లలో పెన్షన్, వైద్యం, చూసుకునే ఖర్చు ఎలా సర్దుకోవాలి

మిలిటరీ పెన్షన్ వస్తోంది కదా, ఆ ఇంటికేం లోటు అని కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఏ పల్లెకు పోయినా అంటారు. పెద్దాయన తన పనులు తాను చేసుకున్నన్నాళ్లు ఆ మాట నిజమే. పక్షవాతం వచ్చో, తుంటి ఎముక విరిగో, మతిమరుపు ముదిరో మంచాన పడ్డాక లెక్క మారిపోతుంది. ఒకసారి ఆస్పత్రి బిల్లు కట్టేస్తే తీరిపోయే ఖర్చు కాదది. నెలనెలా, ఒక్కోసారి ఏళ్ల తరబడి పెట్టాల్సి వస్తుంది. అందులో ఎంత ప్రభుత్వం ఇస్తుంది, ఏది అడిగితేనే వస్తుంది, ఏది మన జేబులోంచి పోతుంది అన్నది ముందే తెలుసుకుంటే ఇల్లు అప్పుల్లో పడదు.

పెద్దాయన సంతకం పెట్టగలిగిన రోజుల్లో కాగితాలు సరిచూసుకోకపోవడం వల్లే చాలా ఇళ్లు నష్టపోవడం చూశాను. కాబట్టి కింద చెప్పే పనులన్నీ ఆయన ఇంకా మాట్లాడగలిగినప్పుడే మొదలుపెట్టండి. ఆ మాజీ సైనికుడు మీరే అయితే కొడుకునో కూతురినో, ముఖ్యంగా భార్యను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. రేపు ఈ కాగితాలతో తిరగాల్సింది ఆమే.

మొదటి పని: ట్రంకు పెట్టె తెరవండి

డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు), తర్వాత ఎప్పుడైనా వచ్చిన సవరణ పీపీఓలు, ఎక్స్‌సర్వీస్‌మెన్ కార్డు, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు, భార్యాభర్తలిద్దరి ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం అన్నీ ఒకచోట పెట్టండి. చాలా ఇళ్లలో పీపీఓ నాలుగు మడతలు పడి, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయి ఉంటుంది. ముందు దాన్ని కలర్‌లో స్కాన్ చేయించి, మీ ఫోన్‌లో ఒకటి, బయట ఊళ్లో ఉన్న తోబుట్టువుల దగ్గర ఒకటి ఉంచండి.

తర్వాత నాలుగు విషయాలు పక్కపక్కన పెట్టి చూడండి: ఆయన పేరు, ఆయన పుట్టిన తేదీ, భార్య పేరు, భార్య పుట్టిన తేదీ. తేడా ఎక్కువగా వచ్చేది భార్య వివరాల్లోనే. పెళ్లయిన కొత్తలో యూనిట్‌లో క్లర్కు అడిగితే ఇంట్లో పిలిచే పేరు చెప్పేసి ఉంటారు. డిశ్చార్జి బుక్కులో లక్ష్మమ్మ, ఆధార్‌లో లక్ష్మీదేవి, ఓటరు కార్డులో ఇంటిపేరుతో సహా ఇంకోలా ఉంటుంది. పుట్టిన తేదీ గడి కొన్నింట్లో ఖాళీగానే ఉంటుంది. భర్త బతికున్నప్పుడు ఆయన చేతి అర్జీతో, ఆధార్, అఫిడవిట్ జతచేసి ఇది సరిచేయించుకోవచ్చు. ఆయన పోయాక అదే తేడా వల్ల ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోతే, ఆ భార్య తానే ఆ భార్యనని రుజువు చేసుకుంటూ ఆఫీసుల చుట్టూ తిరగాలి. అంత వయసులో ఆమెకు ఆ బాధ పెట్టకండి.

సవరణ ఎక్కడ జరుగుతుందంటే, ఆయన పనిచేసిన కోర్ లేదా రెజిమెంట్ రికార్డ్ ఆఫీసులో. ఏఓసీ (ఆర్డనెన్స్ కోర్), ఈఎంఈ (మెకానికల్ ఇంజనీర్ల కోర్) వాళ్లకు సికింద్రాబాద్, మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, ఆర్టిలరీకి నాసిక్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌కు బెంగళూరు. మీరు అక్కడిదాకా పోనక్కర్లేదు. కర్నూలు, అనంతపురం, కడపల్లోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే ఏ ఫారం, ఏ జతలు కావాలో చెప్పి, ముందుకు పంపే దారి చూపిస్తారు.

ఇంట్లో వైకల్యం ఉండి సొంతంగా సంపాదించుకోలేని బిడ్డ ఉంటే ఈ పని అసలు వాయిదా వేయొద్దు. తల్లిదండ్రుల తర్వాత ఆ బిడ్డకు జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వచ్చే అవకాశం ఉంది. తండ్రి ఉండగానే పీపీఓలో పేరు ఎక్కిస్తే తర్వాత పని సులువు. భర్త పోయి గానీ విడాకులై గానీ పుట్టింట్లో ఉంటున్న, ఆదాయం లేని కూతురికి కూడా నిబంధనల ప్రకారం హక్కు ఉంటుంది. చాలామందికి ఈ సంగతి తెలియనే తెలియదు.

రెండో పని: రావాల్సిందంతా వస్తోందా చూడండి

ఇప్పుడు రక్షణ శాఖ పెన్షన్లు స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా, ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్ల కార్యాలయం నుంచి వస్తాయి. స్పర్శ్ లాగిన్ లేకపోతే కామన్ సర్వీస్ సెంటర్‌లో పెట్టించుకోవచ్చు. ఆ లాగిన్ పాస్‌వర్డు సెంటర్ కుర్రాడి దగ్గర కాకుండా మీ ఇంట్లో ఉండాలి, మొబైల్ నంబరు కూడా మీ ఇంటిదే ఉండాలి. పెన్షన్ స్లిప్ డౌన్‌లోడ్ చేసి ఒక్కో వరుసా చదవండి.

కమ్యూట్ చేసిన భాగం, అంటే రిటైరైనప్పుడు ముందే ఒకేసారి తీసుకున్న పెన్షన్ భాగం, 15 ఏళ్లకు తిరిగి పెన్షన్‌లో కలవాలి. కలిసిందా? వన్ ర్యాంక్ వన్ పెన్షన్ (ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నవాళ్లకు ఒకే పెన్షన్) 2014 జూలై 1 నుంచి అమలైంది, 2019 జూలైలో ఒకసారి, 2024 జూలైలో మరోసారి సవరించారు. ఆ మార్పులు మీ అంకెలో పడ్డాయా?

80 ఏళ్లు నిండినవాళ్లకు అదనపు పెన్షన్ ఉంది. 80 నుంచి 85 దాకా బేసిక్ మీద 20 శాతం, 85 నుంచి 30, 90 నుంచి 40, 95 నుంచి 50, నూరేళ్లు నిండితే 100 శాతం. పుట్టినరోజు ఏ నెలలో వస్తే ఆ నెల ఒకటో తేదీ నుంచే లెక్క. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే భార్యకూ ఇదే వర్తిస్తుంది, ఆమె వయసును బట్టి. ఆమె పుట్టిన తేదీ రికార్డులో లేకపోతే ఆ కంప్యూటర్‌కు ఆమెకు 80 నిండాయని ఎలా తెలుస్తుంది? మొదటి పనిలో అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

ఇంకొకటి, కాన్‌స్టంట్ అటెండెన్స్ అలవెన్స్. ఎప్పుడూ పక్కన మనిషి ఉండి చూసుకోవాల్సిన వైకల్య పెన్షనర్లకు ఇచ్చే భత్యం ఇది. ఏడో వేతన సంఘం తర్వాత నెలకు 6,750 రూపాయలు చేశారు, డీఏ 50 శాతం పెరిగినప్పుడల్లా పావు వంతు పెంచాలని నిబంధన. అయితే సర్వీసు వల్ల వచ్చిన వైకల్యం నూటికి నూరు శాతంగా ఉండి, మెడికల్ బోర్డు సిఫారసు చేస్తేనే వస్తుంది. రిటైరైన చాన్నాళ్లకు వయసు మీద వచ్చిన పక్షవాతానికి ఇది రాదు. ఇప్పిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఆయనకు ఇప్పటికే వైకల్య పెన్షన్ ఉండి, అదే జబ్బు ముదిరి మంచాన పడితే మాత్రం సైనిక సంక్షేమ కార్యాలయంలో తప్పకుండా అడగండి.

మూడో పని: లైఫ్ సర్టిఫికెట్

పెన్షనర్ బతికే ఉన్నారని చూపే ఈ పత్రం ఏడాదికోసారి ఇవ్వాలి, ఎక్కువమందికి నవంబర్‌లో. 80 దాటినవాళ్లు అక్టోబర్ 1 నుంచే ఇవ్వొచ్చు. జీవన్ ప్రమాణ్‌లో (ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్) ఇప్పుడు ఫోన్ కెమెరాతో ముఖం చూపించి కూడా చేయొచ్చు కాబట్టి, వేలిముద్రలు అరిగిపోయిన రైతు చేతులకు ఇది మేలు. కదలలేనివాళ్లకు పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేస్తారు, 70 రూపాయలు తీసుకుంటారు.

తప్పు ఎక్కువగా జరిగేది ఒకచోట. పెన్షన్ ఇచ్చే సంస్థ ఎవరన్న గడిలో పాత అలవాటు కొద్దీ బ్యాంకు పేరు నొక్కుతారు. స్పర్శ్‌లోకి మారినవాళ్లు అక్కడ స్పర్శ్ పీసీడీఏ పెన్షన్స్ అని ఎంచుకోవాలి, స్పర్శ్ ఇచ్చిన పీపీఓ నంబరే వేయాలి. చేసిన వారం తర్వాత లాగిన్‌లో తీసుకున్నారో తిప్పిపంపారో చూడండి. మందులకు డబ్బు అవసరమైన నెలలోనే పెన్షన్ ఆగిపోతే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

నాలుగో పని: ఈసీహెచ్‌ఎస్‌ను పూర్తిగా వాడుకోండి

2003 ఏప్రిల్‌లో మొదలైన ఈ పథకమే మాజీ సైనికుల ఇళ్లకు పెద్ద అండ. పెన్షన్ ఉండీ ఇంకా సభ్యత్వం తీసుకోని పాతవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. హవల్దార్ ర్యాంకు దాకా ఒకసారి కట్టే చందా 30,000, జేసీఓలకు (సుబేదార్ లాంటి ర్యాంకులవాళ్లకు) 67,000. 1996 జనవరి 1కి ముందు రిటైరైనవాళ్లకు చందాయే లేదు. ఒక్క ఆపరేషన్‌కు అయ్యే ఖర్చుతో పోల్చినా ఇది తక్కువ. భర్త పోయాక కూడా ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే భార్యకు సభ్యత్వం కొనసాగుతుంది. మాజీ సైనికుడి తల్లిదండ్రులకు సొంత ఆదాయం నెలకు 9,000, దాని మీద డీఏ కలిపిన పరిమితిలోపు ఉంటే వాళ్లనూ చేర్చవచ్చు.

మామూలుగా ఈసీహెచ్‌ఎస్ సొంత క్లినిక్ అయిన పాలీక్లినిక్‌లో చూపించుకుని, రిఫరల్ చీటీ తీసుకుని ఎంప్యానెల్ ఆస్పత్రికి (పథకం జాబితాలో ఉన్న ఆస్పత్రికి) వెళ్లాలి. ప్రాణం మీదికి వస్తే రిఫరల్ కోసం ఆగకండి, దగ్గరున్న ఆస్పత్రిలో చేర్చి 48 గంటల్లోపు పాలీక్లినిక్‌కు తెలియజేయండి. ఈ 48 గంటల సంగతి ఒక చీటీ మీద రాసి కార్డుకే అంటించి పెట్టండి. హడావుడిలో పెద్దాయనను ఆస్పత్రిలో చేర్చేది ఇంటి పక్కవాళ్లు కావచ్చు, వాళ్లకు ఈ రూలు తెలియదు. పాలీక్లినిక్‌లో మందు లేదంటే చీటీ మీద ‘ఎన్‌ఏ’ (మందు లేదు) అని రాయించుకోనిదే కదలకండి. బయట కొన్న బిల్లుకు అదే ఆధారం. ఆక్సిజన్ కాన్సంట్రేటర్, సీపాప్ (నిద్రలో శ్వాసకు సాయపడే యంత్రం), వినికిడి యంత్రం లాంటివి డాక్టరు సిఫారసు మీద నిర్ణీత ధరల మేరకు వస్తాయి, సొంతంగా కొనేముందు అడగండి. హిందూపురం, మడకశిర వైపు వాళ్లు ఎటూ బెంగళూరుకే పోతుంటారు. అక్కడి ఎంప్యానెల్ ఆస్పత్రుల జాబితా కూడా దగ్గర పెట్టుకోండి.

70 దాటినవాళ్లకు 2024 అక్టోబర్ నుంచి ఇస్తున్న ఆయుష్మాన్ వయ వందన కార్డు మీకు అక్కర్లేదనే చెప్తాను. ఈసీహెచ్‌ఎస్ ఉన్నవాళ్లు రెంటిలో ఒకటే ఎంచుకోవాలి. ఏడాదికి 5 లక్షల కార్డు కోసం ఈసీహెచ్‌ఎస్‌ను వదులుకోవడం తెలివైన పని కాదు.

ఐదో పని: నెల లెక్క రెండుసార్లు వేయండి

ఇది కాస్త నిదానంగా కూర్చుని చేయాల్సిన పని. ఈసీహెచ్‌ఎస్ వైద్యం చూస్తుంది గానీ ఇంట్లో పెట్టుకున్న మనిషి జీతం ఇవ్వదు. ఒక నోటుబుక్కు తీసుకుని రాయండి: పగలు చూసుకునే మనిషి, రాత్రి మనిషి, డైపర్లు, అండర్‌ప్యాడ్లు, పుండ్లు పడకుండా గాలి పరుపు, కాథెటర్ మార్చే నర్సు, ఫిజియోథెరపీ, పాలీక్లినిక్‌కు కారు బాడుగ, మెత్తటి ఆహారం. ఒక నెల జరిగింది జరిగినట్టు రాస్తే మీ ఇంటి అంకె మీకే తెలుస్తుంది.

ఇప్పుడు ఆదాయం. ఉదాహరణకు బేసిక్ పెన్షన్ 20,000 అనుకోండి. 2025 జూలై నాటి డీఆర్ (పెన్షనర్ల కరువు భత్యం) 58 శాతం, అంటే 11,600. మొత్తం 31,600. చూసుకునే ఖర్చు 18,000 అయితే ఇల్లు నడపడానికి 13,600 మిగులుతుంది. కష్టమే గానీ నడుస్తుంది. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు.

రెండో లెక్క భార్యకు. పెన్షన్ ఆఖరి జీతంలో సుమారు సగమైతే, మామూలు ఫ్యామిలీ పెన్షన్ 30 శాతం. అంటే 20,000 బేసిక్ ఉరామరిగా 12,000 అవుతుంది, డీఆర్ కలిపితే 18,960. ఎక్కువ రేటు ఫ్యామిలీ పెన్షన్ ఏడేళ్లు వస్తుందని ఊళ్లో చెప్తుంటారు. అది ఏడేళ్లు లేదా ఆయనకు 67 ఏళ్లు నిండాల్సిన తేదీ, ఏది ముందైతే అంతవరకే. 67 దాటాక పోయినవాళ్ల భార్యలకు మొదటి నెల నుంచే మామూలు రేటు. ఆమె సాధారణంగా ఆయన కన్నా చిన్నది, ఆయన తర్వాత ఎన్నో ఏళ్లు బతకాల్సిన మనిషి. రేపు ఆమెకూ ఒకరు చూసుకోవాల్సిన రోజు వస్తుంది. భర్తను మోసి మోసి నడుం పోయి, దాచిన డబ్బంతా ఆయన మంచం దగ్గరే అయిపోయి, చివరికి ఆమె ఒంటరిగా మిగలడం న్యాయం కాదు. అందుకే నేను చెప్పే కొలత ఒక్కటే: ఏ అప్పు తీసుకున్నా దాని నెల కంతు 18,960లోంచి కూడా కట్టగలిగేలా ఉండాలి. బ్యాంకుల పెన్షన్ లోన్‌కు సాధారణంగా భార్యే జామీను కాబట్టి ఆ కంతు ఆమె మీదికే వస్తుంది. మనవడి బండి కోసం పెద్దాయన పెన్షన్ మీద లోన్ తీయకండి.

ఆరో పని: దాచిన డబ్బు ఎక్కడ

గ్రాట్యుటీ డబ్బో, చేను అమ్మిన డబ్బో ఉంటే అందులో ఒక భాగం భార్య పేరున విడిగా పెట్టండి. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ దీనికి సరిపోతుంది. మామూలుగా 60 ఏళ్లు నిండాలి, రక్షణ శాఖలో రిటైరైనవాళ్లకు 50కే వీలుంది. గరిష్ఠం 30 లక్షలు, 2025లో వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి చేతికొస్తుంది. 5 లక్షలు పెడితే మూడు నెలలకు 10,250. ఐదేళ్ల గడువు, తర్వాత పొడిగించుకోవచ్చు. మూడు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు మాత్రం సేవింగ్స్ ఖాతాలోనే ఉంచండి.

నూటికి రెండు రూపాయల వడ్డీకి ఊళ్లో ఇస్తే ఎక్కువొస్తుంది కదా అని మనవైపు అందరూ అంటారు. ఆరోగ్యంగా ఉన్నవాడు తిరిగి వసూలు చేసుకోగలడు. మంచంలో ఉన్నవాడి నోటుకు విలువెంత? మంచాన పడ్డ మనిషి డబ్బు వడ్డీలకు, చీటీలకు పోకూడదు.

ఏడో పని: సంతకం చేయలేని రోజుకు ఏర్పాటు

పెన్షన్ ఖాతాను భార్యతో కలిపి ‘ఇద్దరిలో ఎవరైనా లేదా బతికున్నవారు’ పద్ధతిలో పెట్టుకోవచ్చు. ఫ్యామిలీ పెన్షన్ కూడా అందులోనే పడుతుంది. ఈ ఒక్క పని చేసినా సగం దిగులు తీరుతుంది.

అలా చేయకముందే పెద్దాయన పడిపోతే, బ్యాంకు డబ్బివ్వనంటే, వెనక్కి రాకండి. ముసలి, జబ్బుపడ్డ పెన్షనర్ల కోసం రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. సంతకం పెట్టలేకపోతే వేలిముద్ర, చేతి వేలు కదలకపోతే కాలి బొటనవేలి ముద్ర చాలు. ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు ఉద్యోగి. మేనేజర్‌కు రాతపూర్వకంగా అర్జీ ఇస్తే ఉద్యోగి ఇంటికే వస్తారు. మంచం పక్కన స్టాంప్ ప్యాడ్ పట్టుకుని, దుప్పటి తొలగించి, బొటనవేలు తుడిచి, విత్‌డ్రాయల్ ఫారం మీద ముద్ర వేయిస్తారు. చూడ్డానికి మనసు కలుక్కుమంటుంది. కానీ ఆ ముద్రతో మందులు వస్తాయి. 70 దాటినవాళ్లకు ఇంటి వద్ద బ్యాంకు సేవలు అందించాలని కూడా రిజర్వ్ బ్యాంకు చెప్పింది.

మతిమరుపు మొదలైందనిపిస్తే తొందరపడండి. జీపీఏ (తన తరఫున పనులు చేయడానికి మరొకరికిచ్చే అధికార పత్రం) రాసిస్తే చాలనుకుంటారు, కానీ రాసిచ్చిన మనిషికి తెలివి నిలవకపోతే చట్టప్రకారం ఆ జీపీఏ చెల్లదు. ఆ తర్వాత సంరక్షకుడి నియామకానికి కోర్టు దారే. జాయింట్ ఖాతా, నామినీలు, వీలునామా, అన్నీ ఆయన స్పృహలో ఉన్నప్పుడే.

పొలం, ఇల్లు పిల్లలకు రాసిచ్చే విషయంలో నా సలహా వీలునామానే. దాన సెటిల్‌మెంట్ తప్పనిసరైతే, తల్లిదండ్రులను చివరిదాకా చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, షరతు తప్పితే ఆ దస్తావేజును రద్దు చేయమని ఆర్డీవో దగ్గరున్న ట్రిబ్యునల్‌లో అడగొచ్చు. సలహాకు 14567 ఎల్డర్‌లైన్ ఉంది, ఫోన్ ఉచితం.

పెన్షన్ లేని మాజీ సైనికులైతే

పెన్షన్‌కు సరిపడా సర్వీసు లేక వచ్చేసినవాళ్లు, వాళ్ల భార్యలు మన పల్లెల్లో చాలామందే ఉన్నారు. 65 దాటి, ఆదాయం లేని హవల్దార్ ర్యాంకు దాకా ఉన్నవాళ్లకు కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే పెన్యురీ గ్రాంటును (పేదరిక సాయాన్ని) 2025 నవంబర్ నుంచి నెలకు 4,000 నుంచి 8,000కు పెంచారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పోతుంది. డిశ్చార్జి బుక్కే ఆధారం కాబట్టి అది పోతే ముందు డూప్లికేట్ కోసం రాయండి. సర్వీసు పెన్షన్ లేని ఇళ్లవాళ్లు సచివాలయంలో ఎన్టీఆర్ భరోసా పింఛను కూడా అడగాలి. పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు అందులో నెలకు 15,000 ఇచ్చే విభాగం ఉంది. వైద్యానికి ఎన్టీఆర్ వైద్య సేవ, అనంతపురం వైపైతే బత్తలపల్లి ఆర్డీటీ ఆస్పత్రి, పుట్టపర్తి సత్యసాయి ఆస్పత్రి ఉన్నాయి.

ఆయన పోయిన తర్వాత

మరణ ధ్రువపత్రం చేతికి రాగానే స్పర్శ్‌కు, బ్యాంకుకు తెలియజేయండి. పెన్షన్ మరణించిన రోజు దాకానే లెక్క. ఆ తర్వాత పొరపాటున ఖాతాలో పడిన డబ్బు వాడుకుంటే ఫ్యామిలీ పెన్షన్ నుంచి తిరిగి పట్టుకుంటారు, కాబట్టి ఆ మొత్తాన్ని కదపకుండా ఉంచండి. బకాయి పెన్షన్ నామినీకి వస్తుంది, అందుకు వేరే దరఖాస్తు ఉంటుంది. ఫ్యామిలీ పెన్షన్ మొదలవగానే భార్య పేరున ఈసీహెచ్‌ఎస్ కార్డు మార్పించండి. అదే రోజు ఆమె ఖాతాకు నామినీ ఎవరో రాయించి, వచ్చే నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఎవరు చేయిస్తారో పిల్లలంతా కూర్చుని ఒకరికి అప్పగించండి.